బెంగళూరు టెర్రస్ మీద నుంచి 51 పెగాసీని పట్టుకోవడం ఎలా

51 పెగాసీ అంటే ఒక నక్షత్రం, దాని చుట్టూ ఒక గ్రహం తిరుగుతోంది. ముందే చెప్పేస్తున్నా, ఆ గ్రహం కనపడదు, మీరు ఎంత పెద్ద టెలిస్కోప్ కొన్నా కనపడదు. మనం వెతికేది దాని సూర్యుణ్ణి. మన సూర్యుడి లాంటిదే, దాదాపు 50 కాంతి సంవత్సరాల దూరం, ఇవాళ మన కంట్లో పడే వెలుగు అమ్మానాన్నలు చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు బయల్దేరిందన్నమాట.

నవంబర్ నెలాఖరు బెస్ట్. రాత్రి ఏడు, ఏడున్నరకి మనకి దాదాపు నడినెత్తినే ఉంటుంది. పున్నమి దగ్గర్లో మాత్రం వద్దు. మామూలు 10 ఇంటూ 50 బైనాక్యులర్ చాలు, అది లేకుండా ఈ సిటీ లైట్లలో కష్టం. టెర్రస్ తాళం సంగతి ఓనర్ అంకుల్‌తో పొద్దున్నే మాట్లాడి పెట్టుకోండి, నాకు మొదటిసారి అక్కడే ఆగిపోయింది.

చాప వేసుకుని తల దక్షిణానికి, కాళ్ళు ఉత్తరానికి పెట్టి పడుకోండి (అమ్మమ్మ కూడా ఏమీ అనదు). పైన నాలుగు నక్షత్రాల పెద్ద చదరం కనపడుతుంది, చెయ్యి చాచి చూస్తే ఒక్కో వైపు ఒకటిన్నర పిడికిళ్ళంత ఉంటుంది. ఎడమవైపు రెండూ మన పంచాంగంలో పూర్వాభాద్ర, కుడివైపు రెండూ ఉత్తరాభాద్ర. పూర్వాభాద్ర రెండిటికీ మధ్యలో బైనాక్యులర్ పెట్టి, చదరం బయటికి, అంటే ఎడమకి కొంచెం జరపండి. అక్కడున్న మసక చుక్కే మనది, డౌట్ ఉంటే నక్షత్రాల మ్యాప్ చూపించే స్టెల్లేరియం యాప్‌లో పోల్చుకోండి.

చుక్కే కదా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ 1995లో ఫ్రాన్స్‌లోని ఓట్-ప్రోవాన్స్ అబ్జర్వేటరీ నుంచి మిషెల్ మేయర్, డిడియే కెలోజ్ ఇద్దరూ దీని వెలుగుని విడదీసి చూస్తే ఇది సెకనుకి 50 మీటర్ల పైచిలుకు స్పీడ్‌తో ఓసారి మన వైపుకి, ఓసారి అవతలికి ఊగుతోందని తేలింది, అంటే గంటకి దాదాపు 200 కిలోమీటర్లు, మన ఔటర్ రింగ్ రోడ్డులో కలలో కూడా రాని స్పీడ్. ఊపుతున్నది కనీసం గురుగ్రహంలో సగం బరువున్న గ్రహం, నక్షత్రానికి మరీ ఆనుకుని తిరుగుతోంది, అంత పెద్దది అంత దగ్గర్లో ఉంటుందంటే మొదట్లో చాలామంది నమ్మలేదు. 2019లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఆ గ్రహానికి ఏడాదంటే 4 రోజుల ఐదున్నర గంటలే. శనివారం రాత్రి 8కి చూసి గుర్తుపెట్టుకుంటే బుధవారం అర్ధరాత్రి దాటి ఒకటిన్నరకి ఒక చుట్టు అయిపోతుంది. పోయినసారి నాకు మబ్బులు పట్టి దాదాపు రెండు వారాలు కనపడలేదు, దాని లెక్కలో మూడేళ్ళు.