వంటింటి అల్మరాకు గొళ్లెం బిగించే ముందు: తెలివైన పిల్లి ఉన్న ఇంట్లో జాగ్రత్తలు

గొళ్లెం కొనే ముందు మీ పిల్లి తలుపు ఎలా తీస్తోందో గమనించండి. కింది అంచులో పంజా దూర్చి లాగుతోందా? పిడి పట్టుకుని వేలాడుతోందా? లాగే పిల్లికి చిన్నపిల్లల భద్రత కోసం అమ్మే అయస్కాంతపు తాళం సరిపోతుంది. కిందికి నొక్కితే తెరుచుకునే పిడి అయితే దాన్ని తీసేసి గుండ్రటిది పెట్టడం మేలు.

• ఎత్తును నమ్ముకోవద్దు. పిల్లి తన ఎత్తుకు నాలుగైదు రెట్లు ఎగరగలదు.

• ముందుగా భద్రం చేయాల్సినవి ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ఎండుద్రాక్ష. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి, వండినా ఆ గుణం పోదు. పొడులైతే మరీ గాఢంగా ఉంటాయి, చిటికెడు ఒలికినా వెంటనే తుడిచేయండి. ఈ విషయంలో రాజీ పడవద్దు.

• పిల్లి ఆహారాన్ని సంచిలో ఉంచకండి, కొరికేస్తుంది. మూత బిగుసుకునే డబ్బాలో పోయండి.

• వాసనకు దూరంగా పోతుందని సుగంధ తైలాలు చల్లవద్దు. వాటిలోని చాలా పదార్థాలను పిల్లి కాలేయం సరిగా విడగొట్టలేదు. ఒంటికి అంటిన తైలాన్ని అది నాకి మింగేస్తుంది కూడా.

• తాళం వేసే ప్రతిసారీ లోపలి మూలలు చూడండి. పిల్లి చప్పుడు చేయకుండా దూరి నిద్రపోతుంది.

ఇంకొకటి. ఉన్నట్టుండి ఆకలి పెరిగి, తింటున్నా బరువు తగ్గుతుంటే అది కేవలం దొంగతనం కాకపోవచ్చు. థైరాయిడ్, మధుమేహం వంటివి ఉండొచ్చు, గొళ్లెం సంగతి పక్కన పెట్టి ముందు పశువైద్యుడికి చూపించండి.