నేటాలుకు పోయిన తాత ఊరు ఏది?

మా ఇంట్లో ఎవరైనా రెండ్రోజులు కనబడకపోతే మా అవ్వ "నేటాలుకు గానీ పోయినాడా ఏంది" అనేది. అదేదో తిట్టు అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. నేటాలంటే దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉండే నటాల్ అని, మా అవ్వ వాళ్ళ తాతకు తమ్ముడొకడు నిజంగానే ఓడెక్కి పోయి తిరిగి రాలేదని తెలిసేసరికి నాకు నలభై దాటినాయి, చెప్పాల్సిన అవ్వ పోయింది. కాబట్టి మొదటి పని ఇదే: ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఈ ఆదివారమే ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి కూర్చోండి.

ఊరికే "మీ తాత పేరేంది" అని అడిగితే పని జరగదు. ముసలావిడ మొగుడి పేరు నోటితో చెప్పదు, మామ పేరు అసలు చెప్పదు. పెళ్ళిళ్ళ గురించి అడగండి. ఏ ఊరికి పిల్లనిచ్చినారు, ఏ ఊరి నుంచి తెచ్చుకున్నారు, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగి పోయినారు, గట్టు తగాదా ఎవరితో. పేర్లు వాటంతట అవే దొర్లుతాయి. మన దిక్కు తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి ఒకే ఇంట్లో ముగ్గురు మునెయ్యలు తేలతారు, పెద్ద మునెయ్య, చిన్న మునెయ్య అని అప్పుడే రాసుకోకపోతే తర్వాత మీకే తల తిరుగుతుంది. తద్దినం పెట్టే ఇళ్ళయితే ఇంకో సులువుంది: తండ్రి, తాత, ముత్తాత మూడు తరాల పేర్లూ గోత్రంతో సహా చెప్పాల్సిందే కాబట్టి, కపిలతీర్థంలోనో ఇంట్లోనో ఆ కార్యం చేసే పెద్దన్నను అడిగితే పది నిమిషాల పని.

తర్వాత కాగితాలు. బీరువాలో పాత శుభలేఖలు, ఎస్సెస్సెల్సీ పుస్తకాలు, పట్టాలు. స్కూలు రిజిస్టర్‌లో తండ్రి పేరు, ఊరు నమ్మొచ్చు, పుట్టిన తేదీ మాత్రం నమ్మకండి, అయ్యవారు జూలై 1 అని రాసేసిన పిల్లలు ఊరికి సగం మంది ఉంటారు. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో చెప్పే పత్రం) 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. నన్నడిగితే వాటన్నిటికంటే డైగ్లాట్, అంటే పాత భూముల సర్వే రిజిస్టర్, మేలు. సర్వే నంబర్ల వారీగా అప్పటి పట్టాదారు పేరు ఉంటుంది, మీ ముత్తాత పేరు పక్కనే అన్నదమ్ముల పేర్లూ కనబడొచ్చు. కరణాల పదవులు 1984లో పోయినా పాత లెక్కల కట్టలు కొన్ని ఇళ్ళల్లో అటకల మీద ఇంకా ఉన్నాయి. ఉత్త చేతుల్తో పోకుండా అరకిలో స్వీటు తీసుకుని పోండి.

ఇక చెరకు తోటల్లో కూలికి ఒప్పందం రాసి సముద్రం దాటినవాళ్ళ సంగతి. మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. 1911 దాకా అలా నటాల్‌కు పోయినవాళ్ళు 1,52,184 మంది, మూడింట రెండు వంతులు మద్రాసులో ఎక్కినవాళ్ళే. ప్రతి మనిషికీ ఒక నంబర్ ఇచ్చి ఓడ జాబితాలో ఒక వరుస రాసినారు: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. క్వాజూలు నటాల్ యూనివర్సిటీ వాళ్ళ గాంధీ లుతూలి డాక్యుమెంటేషన్ సెంటర్ ఈ జాబితాలను కంప్యూటర్‌లో వెతుక్కునేలా పెట్టింది. మనిషి దొరికితే ముందు ఆ నంబర్ రాసుకోండి, అక్కడి పెళ్ళి, చావు కాగితాల్లో కూడా ఆ నంబరే పట్టుకుని వెతకాలి. మారిషస్‌కు పోయినవాళ్ళవి మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో, ఫిజీకి పోయినవాళ్ళవి (మద్రాసు ఓడలు అక్కడికి 1903 నుంచే) ఫిజీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. బర్మా, మలయాలకు ఎక్కువమంది కూలీలను పోగుచేసి తీసుకుపోయే మేస్త్రీ వెంటో కంగాణీ వెంటో పోయినారు, ఇలాంటి వరుసలు ఆశించకండి. ఉత్తరాలు, మనియార్డర్ రసీదులు, ఫోటో వెనక స్టూడియో ముద్ర, అంతే.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేసినాను. పేరు పట్టుకుని వెతకడం. మునస్వామి అక్కడ మూన్‌సామీ అయిపోయినాడు, నాయుడు నైడూ అయినాడు, ఇంటిపేరు చాలామందికి ఓడలోనే రాలిపోయి తండ్రి పేరో సొంత పేరో పిల్లలకు ఇంటిపేరుగా మిగిలింది. పేరు మహా అయితే దిక్కు చూపిస్తుంది. ముని అని మొదలైతే మన చిత్తూరు వైపు వాళ్ళేమో అనుకోవచ్చు, చెంగల్రాయుడైతే తిరుత్తణి గాలి తగిలినట్టే. మనిషిని పట్టిచ్చేది మాత్రం ఊరు, తాలూకా.

ఓడ జాబితాలో జిల్లా గడిలో చిత్తూరు అని వెతికితే ఏమీ రాదు. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు అన్నీ ఉత్తర ఆర్కాటు, మదనపల్లె వాయల్పాడు అయితే కడప జిల్లా. తిరుత్తణి వైపు 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ఇటొచ్చింది. పాత జిల్లా కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కు పోవాల్సి వచ్చేది అందుకే. తిరుపతి జిల్లా 2022లో వచ్చిందని డర్బన్ వాళ్ళకు చెబితే ఇంకా గందరగోళం, చెప్పకండి.

నాకు దొరికిన వరుసలో ఊరు కొత్తపల్లె. ఎగిరి గంతేసి, మాకు దగ్గర్లో ఉన్న కొత్తపల్లెకు బండి మీద ఆరు నెలలు తిరిగి, అక్కడో కుటుంబంతో చుట్టరికం కూడా కలిపేసుకున్నా. పాపం వాళ్ళు భోజనాలు కూడా పెట్టినారు. తర్వాత ఒకరోజు జాబితా ఫోటో పెద్దది చేసి చూస్తే, తాలూకా గడిలో నేను చిత్తూరు అనుకున్నది పుత్తూరు. ఇంగ్లీషు చేతిరాతలో మొదటి అక్షరం తోక కిందికి దిగి ఉంది, నేను చూడలేదు. మన దిక్కు కొత్తపల్లెలు, నరసింగాపురాలు ఎన్నని? కాబట్టి ఊరి పేరు పైకి చదవండి, దొర చెవికి ఎట్లా వినబడి ఉంటుందో ఆలోచించండి, తాలూకా తేలేదాకా ఎవరినీ బాబాయ్ అని పిలవకండి. అసలు మనిషి అవునో కాదో తేల్చడానికి చివరి గడి పనికొస్తుంది: మావాడికి "ఎడమ మోకాలి కింద మచ్చ" అని ఉంది. అవ్వ చెప్పే కథలో ఆ తాత చిన్నప్పుడు ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావి దగ్గర మోకు తగిలి కాలు కోసుకున్నాడు.

డీఎన్‌ఏ టెస్టుల గురించి అడుగుతారు. డర్బన్ వైపు వాళ్ళు చేయించుకుంటున్నారు గానీ మన పల్లెల్లో చేయించుకున్నవాళ్ళు ఎంతమంది, ఎవరితో పోలుస్తారు? ఆ డబ్బు పెట్రోలుకు ఉంచుకోండి.

ఊరు ఖాయమైనాక పోవాల్సిన రోజు చూసుకోండి. మామూలు రోజు పోతే ఊళ్ళో ముసలివాళ్ళు, తాళాలేసిన ఇళ్ళు తప్ప ఏమీ ఉండవు. జాతరప్పుడు, లేదంటే ఎండాకాలంలో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగే రోజుల్లో పోండి, బెంగుళూరు, చెన్నైలో స్థిరపడినవాళ్ళంతా దిగుతారు. డర్బన్ చుట్టాలు వచ్చేదుంటే వాళ్ళనూ అప్పుడే రమ్మనండి. మేం అగ్నిగుండం రోజు తీసుకుపోయినాం. తెలుగు ఒక్క ముక్క రాని ఆయన నిప్పులు చూసి, చెప్పులు విప్పి పక్కన పెట్టి, తమ ఊరి గుడిలో కూడా ఇట్లాగే తొక్కుతారని ఇంగ్లీషులో చెప్పినాడు. భజన గుడి అరుగు మీది ముసలాయన అది విని, "ఎవరింటోడబ్బా ఈయన?" అని నన్నడిగినాడు. నేను ఇంటిపేరు చెప్పినాను.