గీత పక్కన మొదటి రెండు నిమిషాలు: కోచ్‌లకు, పీఈటీలకు అభ్యాసం

ఏప్రిల్ వచ్చిందంటే అనంతపురం జిల్లాలో వేసవి శిబిరాలు, ఊరి కబడ్డీ పోటీలు, లెదర్ బాల్ టోర్నీలు మొదలు. స్ప్రే, దూది ఉన్న పెట్టె దాదాపు ప్రతి జట్టుకీ ఉంటుంది. పిల్లోడు కుప్పకూలితే ఎవరు ఏం చేయాలన్నది మాత్రం ముందుగా తేల్చుకున్న జట్లు తక్కువ. పెట్టెకన్నా ముందు కావలసింది అదే.

నలుగురిని ఎంచుకోండి. ఒకరు తల దగ్గర, ఒకరు ఛాతీ దగ్గర ఉంటారు. మూడోవారు 108కి ఫోన్ చేస్తారు. నాలుగోవారి పని గేటు. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, గేటుకు తాళం వేసి ఉంటే అంబులెన్స్ బయటే ఆగిపోతుంది. ఊరు, మండలం, మైదానానికి దగ్గరి గుడి లేదా బడి పేరు ఒక అట్టమీద రాసి గోడకు కట్టండి. కంగారులో సొంత ఊరి పేరు కూడా నోటికి రాదు. పదిహేను రోజులకొకసారి, ముందు చెప్పకుండా, ఆట మధ్యలో విజిల్ ఊది ఒకరిని పడుకోబెట్టండి. అర నిమిషం లోపు నలుగురూ తమ చోట్లలో ఉండాలి.

ఎవరూ తగలకుండానే ఆటగాడు కూలిపోయినా, ఛాతీకి బంతి తగిలి పడిపోయినా ముందు గుండె ఆగిందనే అనుకోవాలి. భుజాలు తట్టి పిలవండి. పలక్కపోతే ఊపిరి కోసం ఛాతీని చూడండి, పది సెకన్లకు మించి వద్దు. ఇక్కడే రెండు పొరపాట్లు జరుగుతాయి. ఆగి ఆగి ఎగదన్నినట్టు వచ్చే ఎగశ్వాసను ఊపిరి అనుకుంటారు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటే ఫిట్స్ అనుకుని చేతిలో తాళాల గుత్తి పెడతారు. గుండె ఆగిన మొదటి క్షణాల్లో ఒళ్లు అలా కొట్టుకోవచ్చు. ఇనుముతో ఆగేది ఏమీ లేదు, పోయేది సమయమే.

పలకకుండా, మామూలు ఊపిరి లేకుండా ఉంటే వెంటనే ఛాతీ ఎముక కింది సగంమీద అరచేతి మడమ (మణికట్టు దగ్గరి గట్టి భాగం) ఆనించి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. చిన్నపిల్లలకు ఛాతీ మందంలో మూడో వంతు లోతు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వండి. శిక్షణ ఉన్నవారు 30 నొక్కులకు 2 ఊపిర్లు ఇవ్వాలి. లేనివారు నొక్కుతూనే ఉండాలి. రెండు నిమిషాలకు మనిషి మారాలి, ఎందుకంటే అలసిన చెయ్యి తనకు తెలియకుండానే లోతు తగ్గిస్తుంది. బతికున్న మనిషిమీద సాధన వద్దు. గట్టి దిండుమీద లయ, ఓపిక అలవడతాయి. సరైన లోతు తెలియాలంటే శిక్షణకు వాడే బొమ్మ మీదే నేర్చుకోవాలి. ఏఈడీ (గుండెకు కరెంటు షాక్ ఇచ్చే యంత్రం) ఉంటే దాని ప్యాడ్లు అంటించేముందు చెమట తుడవండి. తడి ఒంటిమీద అవి నిలవవు.

మన ఎండలకు ఇంతే ముఖ్యమైనది వడదెబ్బ. ఆటగాడు తూలుతున్నా, సంబంధం లేని మాటలు మాట్లాడుతున్నా, ఊరికే కసురుకుంటున్నా ఆట ఆపించండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. ఆడుతూ వడదెబ్బ తగిలినవాడికి ఒళ్లంతా చెమటే ఉండవచ్చు. చంకలో పెట్టే థర్మామీటర్ కూడా తక్కువ చూపించి మోసం చేస్తుంది.

శనక్కాయలు ఆరబోసే టార్పాలిన్ పట్ట ఒకటి మైదానంలో ఉంచుకోండి. మనిషిని దానిలో పడుకోబెట్టి, నలుగురు అంచులు పైకెత్తి తొట్టిలా పట్టుకోవాలి. వంద లీటర్ల నీళ్లు, రెండు మూడు బకెట్ల ఐసు పోసి, పట్టను అటూ ఇటూ ఊపుతూనే ఉండాలి. నీళ్లు కదలకపోతే ఒంటి చుట్టూ ఉన్న నీరు వేడెక్కి చల్లదనం ఆగిపోతుంది. తల నీటికి పైన ఉండేలా చూసే పని ఒక్కరిదే. పది పదిహేను నిమిషాలు, లేదా వణుకు మొదలై మాట సరిగా వచ్చేవరకు. 108కి వెంటనే ఫోన్ చేయండి, కానీ చల్లబరచకుండా బండిలో వేసుకుని సర్వజన ఆసుపత్రికి పరుగెత్తవద్దు. తెలివి సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి. పారాసిటమాల్ ఈ వేడిని దించదు.

మతి బాగానే ఉండి అలసిపోయినవాడికి ఓఆర్ఎస్ ఇవ్వండి: పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీటికి. గ్లాసు నీళ్లలో సగం ప్యాకెట్ కలిపితే ఉప్పు మోతాదు మించిపోతుంది.

కబడ్డీలో తలకు తల తగిలితే అడగాల్సినవి ఇవి: ఇది ఎన్నో హాఫ్? చివరి పాయింట్ ఎవరు తెచ్చారు? పోయిన ఆట ఎవరితో ఆడాం? ఒక్కదానికి తడబడినా ఆ రోజు మళ్లీ దిగకూడదు. అన్నీ సరిగా చెప్పినా తలనొప్పి, తల తిరగడం, మసక ఉంటే అదే మాట. వాంతులు, పెరిగే తలనొప్పి, రెండుగా కనపడటం, చేతిలో బలం తగ్గడం ఉంటే వెంటనే ఆసుపత్రికి. మెడ నొప్పి అంటే కదపకుండా 108 కోసం ఆగండి.

చీలమండ బెణికితే నాలుగు అడుగులు వేయమనండి. వేయలేకపోయినా, మడమ పైన ఇరువైపులా ఉన్న ఎముకల వెనుక అంచును నొక్కితే నొప్పి అన్నా ఎక్స్‌రే తీయించాలి. లేకపోతే గుడ్డలో చుట్టిన ఐసు 15 నుంచి 20 నిమిషాలు, ఆపైన బిగుతు తక్కువగా క్రేప్ బ్యాండేజీ. కాలి గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. రాకపోతే కట్టు వదులు చేయండి. మొదటి రెండు రోజులు నూనె మర్దన వద్దు, వాపు పెరుగుతుంది. కీలు జారితే మైదానంలో ఎవరూ లాగకూడదు. పుత్తూరు నాటువైద్యుల ఎముకల కట్టుమీద నమ్మకం ఉన్నవాళ్లు కూడా ముందు ఎక్స్‌రే తీయించాలి.

ఊడిన పన్నును వేరు పట్టుకోకుండా పైభాగం పట్టి, పాలలో వేసి, గంట లోపు డాక్టరు దగ్గరికి చేర్చండి.

చివరికి ఒక చీటీ. ఎన్ని గంటలకు పడ్డాడు, నొక్కడం ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు చల్లబరిచారు అన్నవి ఫోన్ పట్టుకున్న మూడోవారే రాసి, బండి ఎక్కించేటప్పుడు 108 సిబ్బంది చేతిలో పెట్టాలి.