చిన్న ట్రాక్టర్ సేద్యం, 4వ పాఠం: రోటావేటర్ లోతుకు దిగకపోతే

రోటావేటర్ అంటే ట్రాక్టర్ వెనక తగిలించి, తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే మిషన్. పోయిన పాఠంలో దానికి గ్రీజు పెట్టడం, గేర్‌బాక్సు ఆయిలు చూసుకోవడం నేర్చుకున్నాం. ఈసారి నేను ఎక్కువగా వినే మాట: "అన్నా, మిషన్ పైపైనే గీకుతాంది, లోతుకు దిగల్యా." ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడేదే సగటున 550 మిల్లీమీటర్ల వాన. నాలుగు చినుకులు పడిన వారంలోనే చీనీ (బత్తాయి) తోటల నుంచి ఈ మాట వస్తుంది.

ముందు అసలు ఎంత దిగుతోందో కొలవండి. తవ్విన మట్టి ఉబ్బి ఉంటుంది, దాని పైనుంచి పుల్ల గుచ్చితే లోతు ఎక్కువ చూపిస్తుంది. దున్నని అంచు మీద ఒక కట్టె అడ్డంగా పెట్టి, పొడిమట్టి చేత్తో తోసేసి, కట్టె నుంచి కింది గట్టినేల దాకా కొలవండి. సాళ్ల మధ్య ఐదంగుళాలు వస్తే మిషన్‌కు ఏ రోగమూ లేదు. చీనీ పీచువేర్లు నేల పైపొరలోనే ఎక్కువగా పాకుతాయి, చెట్టు పాదు దగ్గర లోతుగా దిగితే మనకే నష్టం. కొందరు రోటావేటర్‌తో మడక (నాగలి) పని చేయించాలని చూస్తారు. అది అయ్యే పని కాదు.

మూడంగుళాలు కూడా రావట్లేదా? సీటు మీద కూర్చుని గమనించండి. రోగం ఎక్కడుందో మిషనే చెబుతుంది.

చప్పుడు మామూలుగానే ఉంది, ఇంజను మీద బరువు పడట్లేదు, అయినా పైపైనే పోతోంది అంటే దాన్ని ఏదో పైకి పట్టుకుని ఉంది. రెండు పక్కలా నేలను రాసుకుంటూ పోయే ఇనుప పట్టీలు చూడండి. వాటి బోల్టు ఏ రంధ్రంలో ఉందో దాన్నిబట్టే లోతు. పట్టీ పైకి జరిగితే మిషన్ కిందికి దిగుతుంది. రెండు వైపులా ఒకే రంధ్రం ఉండాలి, లేకుంటే ఒక పక్క తవ్వి ఒక పక్క గీకుతుంది. లిఫ్టు లివరు పూర్తిగా కిందికి వస్తోందా, మధ్యలో ఆపే నట్టు ఎవరైనా బిగించారా? వెనక మట్టి చదును చేసే రేకు మరీ బిగువుగా ఉన్నా మిషన్‌ను లేపుతుంది. టాప్ లింకు, అంటే మిషన్‌ను పైన ట్రాక్టర్‌కు కలిపే కడ్డీ, తిప్పి, పనిలో ఉన్నప్పుడు గేర్‌బాక్సు చదునుగా నిలిచేలా చూసుకోండి.

ఇంజను మూలుగుతోందంటే గేరు ఎక్కువైంది. పీటీవో, అంటే ట్రాక్టర్ వెనక మిషన్‌ను తిప్పే షాఫ్టు, నిమిషానికి 540 చుట్లు తిరిగేంత యాక్సిలరేటరు పెట్టి, లో గేరులో నిదానంగా పోండి.

ఇక మూడోది. మిషనే ట్రాక్టర్‌ను ముందుకు తోస్తోంది, వెనక ఎగిరెగిరి పడుతోంది. అంటే బ్లేడ్లు నేలలోకి దిగకుండా చక్రాల్లా దొర్లుతున్నాయి. ఇక్కడ చూడాల్సింది పదును. మనకు ఆ మాట బ్లేడు వాడికీ ఉంది, నేలలో సరిపడా తడికీ ఉంది. రెండూ చూడాలి.

బ్లేడుతో మొదలుపెడదాం. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, మిషన్ కింద గట్టి చెక్కమొద్దులు పెట్టాకే చెయ్యి పెట్టండి. లిఫ్టును నమ్మి దూరవద్దు. ఎల్ ఆకారంలో వంగిన బ్లేడుకు ఒక అంచు పలచగా ఉంటుంది, ఎదుటి అంచు మందం. బ్లేడ్లు బిగించిన ఇరుసు (రోటరు) ట్రాక్టర్ చక్రం తిరిగే వైపే తిరుగుతుంది, ఆ తిరుగుడులో ముందు నేలను తాకాల్సింది పలచటి అంచు. కుడి బ్లేడ్లు, ఎడమ బ్లేడ్లు వేరు. ఒకసారి నేను ఓ షెడ్డులో కొత్త బ్లేడ్లు వేయించుకొచ్చాను. తోటలో దింపితే కప్పలా గెంతింది. సగం బ్లేడ్లు తిరగేసి బిగించారు! డబ్బు పోయింది, ఎండలో సగం రోజు కూడా పోయింది. అప్పటి నుంచి నా బ్లేడ్లు నేనే బిగిస్తాను. కొత్త బ్లేడు ఒకటి పక్కన పెట్టి పోల్చండి. కొన అంగుళం అరిగితే లోతు కూడా అంగుళం పోయినట్టే.

బ్లేడు బాగుంటే నేల చూడండి. నాలుగంగుళాల కిందినుంచి పిడికెడు మట్టి తీసి పిసకండి. ముద్ద కట్టి, బొటనవేలితో నొక్కితే విడిపోవాలి. అసలు ముద్దే కట్టకపోతే మన ఎర్రనేల ఇటుకతో సమానం, తడిపి రెండు మూడు రోజులు ఆగండి. కర్నూలు వైపు నల్లరేగడి అయితే ముద్ద వేళ్లకు అంటుకోకూడదు. అంటుకుంటే బ్లేడ్ల మధ్య మట్టి కూరుకుపోతుంది, లోతు మళ్లీ రాదు. ఏటా ఒకే లోతున రోటావేటర్ తిప్పిన చోట కింద చట్టుపొర గట్టిపడుతుంది. అక్కడ ముందు కల్టివేటర్ ఒకసారి లాగి, తర్వాత దీన్ని దించండి. మొదటి సాలు పైపైనే పోనివ్వండి, రెండోది అడ్డంగా.

ఈ వారం పని: ఒక్కో బ్లేడు కొలిచి, అరుగుదల నోటుబుక్కులో రాసుకోండి. ఒక పక్కవే ఎక్కువ అరిగి ఉంటే విప్పకుండా అలాగే ఉంచండి. 5వ పాఠం అక్కడినుంచే.