రక్తం పలచన చేసే మాత్రలు వేసుకుంటున్నారా? ఇంట్లో ఇవి చూసుకోండి

మా అమ్మకు గుండెలో మైట్రల్ వాల్వ్ మార్చి ఆరేళ్లయింది, మెటల్ వాల్వ్, అప్పటి నుంచి రోజూ రక్తం పలచన చేసే ఎసిట్రోమ్ మాత్ర వేసుకుంటోంది. ఆపరేషన్ అయిన రెండో ఏడు బంధువు ఒకావిడ "ఆకుకూరలు ముట్టుకోకూడదంట వదినా" అనేసరికి గోంగూర, తోటకూర, మునగాకు అన్నీ ఒక్కసారిగా మానేసింది. కొన్ని వారాలకు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం. టెస్టు చేయిస్తే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే అంకె, పెరిగితే రక్తం మరీ పలచబడ్డట్టు) 5 దాటింది, ఆమెకు డాక్టరు పెట్టిన హద్దేమో 2.5 నుంచి 3.5.

జరిగింది ఇదీ. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, రక్తం గడ్డకట్టాలంటే లివర్‌కు అది కావాలి. ఎసిట్రోమ్, అలాంటిదే అయిన వార్ఫరిన్ అడ్డుపడేది సరిగ్గా అక్కడే. అంటే మీరు మామూలుగా తినే తిండిని బట్టే మీ డోసు కుదిరింది. వారానికి రెండుసార్లు ఆకుకూర తినే అలవాటుంటే ఆ రెండుసార్లూ తినండి, గుంటూరులో ఉండి గోంగూర మానక్కర్లేదు. ఒక వారం రోజూ తిని తర్వాతి నెలంతా మానేయడమే ప్రమాదం. కార్తీక మాసం ఉపవాసాలు, వేసవిలో వాంతులు, విరేచనాలు, నాలుగు రోజులు అన్నం సహించకపోవడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. అలాంటప్పుడు డాక్టరుకు చెప్పి టెస్టు ముందే చేయించండి. ఐఎన్ఆర్ పడిపోయినా భయమే, వాల్వ్ మీద గడ్డ కడితే పక్షవాతం రావచ్చు.

మాత్ర సాయంత్రం వేసుకోవడం మేలు. పొద్దున సూర్యారావుపేటలోనో కొత్తపేటలోనో ల్యాబ్‌లో రక్తం ఇస్తే మధ్యాహ్నానికి రిపోర్టు వస్తుంది, డాక్టరు డోసు మార్చమంటే ఆ రాత్రి నుంచే మార్చుకోవచ్చు. డోసును "ఒక మాత్ర, అర మాత్ర" అని కాదు, ఎన్ని మిల్లీగ్రాములో రాసుకోండి. ఎసిట్రోమ్ 1, 2, 3, 4 మిల్లీగ్రాముల్లో వస్తుంది, షాపులో 2 బదులు 4 ఇస్తే మీ అర మాత్ర లెక్క మొత్తం తప్పుతుంది. మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మర్నాడు గుర్తొస్తే వదిలేయండి, రెండు కలిపి వద్దు.

నాకు అన్నిటికంటే టెన్షన్ నొప్పుల మాత్రలతోనే. మోకాళ్ల నొప్పని మెడికల్ షాపుకెళ్తే డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో, ఐబుప్రోఫెనో చేతిలో పెడతారు, వీటివల్ల కడుపులో రక్తస్రావం కావచ్చు. జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ నయం, అదీ వరసగా కొన్ని రోజులు వాడాల్సొస్తే డాక్టరును అడగండి. తుంటికి ఇంజెక్షన్ చేయించుకోవద్దు, కండలో రక్తం నిండి గట్టి వాపు వస్తుంది. మా ఇంటి దగ్గర ఒకాయన మా అమ్మకు అలాగే వేయబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను, మొహమాటపడలేదు. విరేచనాలకు మామూలుగా ఇచ్చే మెట్రోనిడజోల్ ఐఎన్ఆర్‌ను బాగా పెంచుతుంది. ఏ యాంటీబయాటిక్ మొదలుపెట్టినా మీ గుండె డాక్టరుకు ఫోన్ చేసి, మూడు నాలుగు రోజుల్లో టెస్టు చేయించండి. పన్ను పీకించుకోవాలన్నా మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి, ఎసిట్రోమ్, వార్ఫరిన్ కడుపులో బిడ్డకు హాని చేస్తాయి.

ఎపిక్సబాన్, రివరోక్సబాన్, డాబిగాట్రాన్ లాంటి, రక్తం పలచన చేసే కొత్త మందులకు ఐఎన్ఆర్, ఆకుకూరల గొడవ లేదు (మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు మాత్రం ఇవి పనికిరావు). కానీ ఒకటి రెండు రోజులు మానేస్తే రక్షణ పోతుంది, సంక్రాంతికి ఊరెళ్లేముందే స్టాకు చూసుకోండి. రివరోక్సబాన్ 15, 20 మిల్లీగ్రాములైతే అన్నంతోపాటు వేసుకోవాలి. డాబిగాట్రాన్‌ను దాని ప్యాక్‌లోనే ఉంచండి, తేమ తగిలితే పాడవుతుంది.

కూరగాయలు తరుగుతూ వేలు తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా నొక్కిపట్టండి, మధ్యలో తీసి చూడొద్దు. తారులా నల్లటి విరేచనం, ఎర్రటి మూత్రం, ఆగని రక్తం అయితే వెంటనే ఆసుపత్రికి. ఉన్నట్టుండి తట్టుకోలేని తలనొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా 108కి ఫోన్ చేయండి. బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం లేకపోయినా, తిరుగుతూ మాట్లాడుతున్నా, అదే రోజు క్యాజువాలిటీకి వెళ్లి మొదటి మాటగా "రక్తం పలచన చేసే మాత్ర వేసుకుంటున్నాను" అని చెప్పండి. మీరు చెప్పలేని స్థితిలో ఉంటే? అందుకే మందు పేరు, డోసు, ఇంట్లోవాళ్ల నంబరు రాసిన కాగితం ఒకటి అమ్మ పర్సులో పెట్టాను, ఇంకోటి నా బండి డిక్కీలో ఉంది.