రేడియో కబురు అందకపోయినా ట్యాంకు పొంగకుండా మోటారును నడిపే పద్ధతి

అపార్ట్‌మెంటు పైనున్న ట్యాంకులోని సెన్సార్ పది సెకన్లకొకసారి నీటిమట్టాన్ని రేడియో ద్వారా కింద మోటారు గదిలోని కంట్రోలర్‌కు పంపుతుందనుకుందాం. మధ్యలో ఐదారు కాంక్రీటు శ్లాబులు అడ్డుంటాయి కాబట్టి కొన్ని ప్యాకెట్లు, అంటే రేడియోలో పంపిన కొలతలు, చేరవు. కొత్త కొలత వచ్చేదాకా పాతదాన్నే నమ్మేలా ప్రోగ్రాం రాయడం అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు. తెర మీద మట్టం కదలదు, మోటారు ఆగదు, గోడల వెంట నీళ్లు కారినప్పుడు గానీ సంగతి తెలియదు.

అందుకే కంట్రోలర్ తన లెక్క తానే నడుపుకోవాలి. ట్యాంకు అడుగు వైశాల్యం 4 చదరపు మీటర్లు, మోటారు ఎక్కించేది నిమిషానికి 120 లీటర్లు అయితే, వాడకం లేనప్పుడు మట్టం పది సెకన్లకు అర సెంటీమీటరు పెరుగుతుంది. ఇందులోంచి ఆ వేళకుండే సగటు వాడకాన్ని తీసివేసి ప్రతి పది సెకన్లకూ అంచనాకు కలపండి. ఎవరు ఎప్పుడు కుళాయి తిప్పుతారో తెలియదు కాబట్టి అంచనా వేరియన్సును, అంటే అది ఎంత తప్పి ఉండొచ్చో చెప్పే సంఖ్యను కూడా 0.25 చొప్పున పెంచండి. ప్యాకెట్ వస్తే అంచనాను కొలత వైపు సవరించండి, రాకపోతే సవరణను వదిలేయండి. కాల్మన్ ఫిల్టర్ అనే గణిత పద్ధతి చేసే పని ఇదే. కొలత వేరియన్సు 1 అయితే, ప్యాకెట్లన్నీ అందుతున్నప్పుడు కొత్త కొలతకు దక్కే బరువు, అంటే అంచనాకూ కొలతకూ ఉన్న తేడాలో సవరించాల్సిన వంతు, 0.39, వరుసగా 12 పోయి పదమూడోది చేరితే అది 0.78 అవుతుంది. ఈ బరువును ఒకే విలువ దగ్గర బిగించి ఉంచకూడదు.

ట్యాంకు నిదానమైన వ్యవస్థ కాబట్టి అడపాదడపా ప్యాకెట్లు వచ్చినా సరిపోతుంది. కానీ పొరపాటు ప్రతి అడుగులో 1.2 రెట్లయ్యే వ్యవస్థలో, ప్యాకెట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పోతుంటే, కనీసం 31 శాతం చేరాలి, లేకపోతే అంచనాలోని పొరపాటు హద్దు లేకుండా పెరుగుతుంది. 2004లో సినోపోలి అనే పరిశోధకుడి బృందం నిరూపించిన హద్దు ఇది.

నమ్మదగిన చివరి కొలత నాటికి అంచుకు 15 సెంటీమీటర్లు మిగిలి ఉంటే, వాడకమే లేదనుకున్నా నిండడానికి 5 నిమిషాలు పడుతుంది. కాబట్టి 4 నిమిషాలు కబురు లేకపోతే మోటారు ఆగిపోవాలి. ఎవరైనా కావాలని రేడియోను జామ్ చేసినా ఇదే నియమం కాపాడుతుంది.

శత్రువు కబురును అడ్డుకోవడంతోనే ఆగుతాడని అనుకోకూడదు, తప్పుడు కబుర్లు కూడా పంపవచ్చు. 2000లో ఆస్ట్రేలియాలోని మరూచీలో ఒక మాజీ కాంట్రాక్టు ఉద్యోగి రేడియో ఆదేశాలతో మురుగునీటి పంపులను చెడగొట్టగా, దాదాపు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, వాగుల్లోకి పారింది. అందువల్ల ప్రతి ప్యాకెట్‌కూ వరుస సంఖ్య, రహస్య కీతో లెక్కకట్టిన ధ్రువీకరణ ముద్ర ఉండాలి. పాత సంఖ్యతో వచ్చినదాన్ని తీసుకోకూడదు.

సెన్సారే శత్రువు చేతిలో పడితే ఈ ముద్ర చాలదు. ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం శుద్ధి కేంద్రంలో స్టక్స్‌నెట్ అనే హానికర కంప్యూటర్ ప్రోగ్రాం ముందే రికార్డు చేసుకున్న మామూలు విలువలను తిరిగి చూపించింది. ఇలాంటి మోసాన్ని పట్టాలంటే ముందుగా ఎవరూ ఊహించలేని సమయంలో మోటారును రెండు నిమిషాలు ఆపి చూడండి. అప్పుడు పెరుగుదల ఆగాలి. తెర మీద మట్టం ఇంకా ఆరు సెంటీమీటర్లు ఎక్కితే ఆ కొలతలు ఇప్పటి ట్యాంకువి కావు.

ఇవన్నీ చేశాక కూడా, ట్యాంకు పైఅంచు దగ్గర నీటిమట్టం పెరిగితే తేలి దానంతటదే ఆఫ్ అయ్యే ఒక ఫ్లోట్ స్విచ్ బిగించి, దాని వైరును నేరుగా మోటారు కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే, తెంచే స్విచ్) కాయిల్‌కు సిరీస్‌లో కలపండి. ఆ వైరు కంట్రోలర్ గుండా అస్సలు వెళ్లకూడదు.