అలాయ్ వీల్స్ నట్లు బిగించేటప్పుడు

అలాయ్ వీల్స్ ఉన్న కారుకి టైరు మార్పిస్తే, నట్లు ఎలా బిగిస్తున్నారో దగ్గరుండి చూసుకోండి. ఈ చక్రాల్లో ఉండే అల్యూమినియం ఉక్కు కంటే మెత్తన. ఎయిర్ గన్‌తో ఒక్క ఊపున బిగించేస్తే నట్టు కూర్చునే చోటు నలుగుతుంది, మరలు పాడవుతాయి. పైగా రేపు దారిలో పంక్చరైతే కారులో ఉన్న స్పానర్‌తో ఆ నట్లు ఊడిరావు, రాత్రిపూట అయితే అదో పెద్ద టెన్షన్.

బండి జాకీ మీద ఉండగానే ప్రతి నట్టునీ ముందు చేత్తో తిప్పి ఎక్కించాలి. మధ్యలో పట్టేస్తే వంకరగా ఎక్కుతోందని అర్థం, బలవంతం చేయకుండా తీసి మళ్లీ పెట్టండి. తర్వాత స్పానర్‌తో ఓ మోస్తరుగా బిగించండి. అయిదు నట్లుంటే నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి. చక్రం నేలకి ఆనాక అదే వరసలో టార్క్ రెంచ్ (ఎంత బిగువు కావాలో ముందే పెట్టుకునే స్పానర్) వాడాలి. ఎంత బిగువు అన్నది కారు మాన్యువల్‌లో ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ పోలోకైతే 120 న్యూటన్ మీటర్లు. రెంచ్ ‘టక్’మనగానే ఆపేయండి. స్పానర్ మీద కాలేసి తొక్కడం అసలు వద్దు.

మరలకి నూనె, గ్రీజు రాయకండి. జారుడు ఎక్కువై, అదే టార్క్‌కి (తిప్పే బలానికి) బోల్టు మీద లాగుడు పెరిగిపోతుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక, చక్రాలు చల్లగా ఉన్నప్పుడు నట్ల బిగువు మరోసారి చూడండి.

బయట కొన్న అలాయ్స్ అయితే నట్టు అడుగు ఆకారం కూడా సరిపోవాలి. హోండా సొంత చక్రాలకి గుండ్రటి అడుగు నట్లు వస్తాయి, బయటి చక్రాలకి ఎక్కువగా శంకువు ఆకారం కావాలి. వాటికి తగిన నట్లు విడిగా అడిగి తీసుకోండి.